అత్తగారి సొరబుర్ర

మా వంటింటి దూలానికి ఎండిన సొరబుర్ర ఒకటి వేలాడుతూ ఉండేది. మా అత్తగారు ఏటేటా ఎత్తిపెట్టే గింజలన్నీ అందులోనే. సొర, బీర, చిక్కుడు, గోంగూర, తోటకూర - ఒక్కో రకం ఒక్కో గుడ్డమూటలో, పైన జల్లించిన కట్టెల బూడిద. ఆమె ప్రభువునందు నిద్రించిన సంవత్సరం మే నెలలో ఆ బుర్రను నేను కిందికి దింపాను.

అప్పటికి నేను ఒక్క గింజ కూడా మట్టిలో వేసి ఎరుగను. బెజవాడలో అద్దె గదుల్లో పెరిగినదాన్ని. కూర అంటే కాళేశ్వరరావు మార్కెట్లో బేరమాడి తెచ్చుకునేదే. మంగళగిరిలో మగ్గాల ఇళ్ళ మధ్య మా ఇంటి వెనుక మూడు మంచాలు పట్టేంత పెరడు ఉంది. అత్తగారి జ్ఞాపకంగా దాన్ని పచ్చగా చేద్దామనుకుని, ఒక్క పూటలో ఆ మూటలన్నీ విప్పి, వేలెడు లోతున గింజలు పాతి, ఉదయం బిందెడు, సాయంత్రం బిందెడు నీళ్ళు పోశాను. తోటకూర గింజల్ని చీమలు మోసుకుపోయాయి. గోంగూర నాలుగు మొక్కలు వచ్చింది. సొర ఒక్కటీ మొలవలేదు. పదో రోజున తవ్వి చూస్తే గింజలు మెత్తగా కుళ్ళిపోయి ఉన్నాయి.

పక్కింటి పెద్దమ్మ చూసి, "ఉన్నవన్నీ ఒక్కపూటే వేసేశావటే అమ్మాయ్! మళ్ళీ ఏడు ఏం చేస్తావు?" అన్నది. నాకప్పుడు ఆ మాట అర్థం కాలేదు. మొక్కలు రాలేదనే నా బాధ.

ఆ తరువాత ఆమె దగ్గరే నేర్చుకున్నాను. గింజను దాని మందానికి రెండింతల లోతులో పెడితే చాలు. సొర గింజకు అర అంగుళం నుండి అంగుళం. తోటకూరకైతే పైన చారెడు ఇసుక చల్లితే సరి. మట్టి తడిగా ఉండాలి గాని బురదగా ఉండకూడదు. గింజకు నీటితోబాటు గాలీ కావాలి. గింజలు మంచివో కావో అనుమానముంటే పదింటిని తడిగుడ్డలో చుట్టి నీడన ఉంచి, వారం తరువాత ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టాలి. ఆరుకు తగ్గితే గుంటకు రెండు గింజలకు బదులు నాలుగు వేయాలి. నేను ఈ ఒక్క పని చేసి ఉంటే ఆ సొర గింజలు సగమైనా బుర్రలోనే మిగిలేవి.

కొత్తగా మొదలుపెట్టే వారు మెంతులతో మొదలుపెట్టండి. వంటింటి డబ్బాలోవే చాలు. రాత్రి నానబోసి ఉదయం చల్లితే మూడు నాలుగు రోజుల్లో పైకి వస్తాయి. మూడు వారాలకు పప్పులోకి కూర. పెరడు లేనివారు పాత రంగు డబ్బాను బాగా కడిగి, అడుగున నాలుగు చిల్లులు పెట్టి, మట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమానంగా కలిపి నింపుకోవచ్చు. పచ్చిపేడ మాత్రం వేయకండి, వేరుపురుగు పడుతుంది. తోటకూర గింజలను ఇసుకలో కలిపి చల్లితే పలుచగా పడతాయి. మా వీధిలో మడి అంచున గుప్పెడు నూకలు కూడా చల్లుతారు. చీమలు వాటితో సరిపెట్టుకుంటాయి.

కొత్తిమీర దగ్గర చాలామంది విసిగిపోతారు. మనం ధనియం అనుకునేది నిజానికి కాయ, లోపల రెండు గింజలుంటాయి. అరచేతితోగాని చెప్పుతోగాని మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి వేయాలి. అప్పటికీ ఎనిమిది నుండి పన్నెండు రోజులు ఆగాలి. ఎండాకాలంలో వేస్తే ఆకు కంటే ముందు పువ్వు వస్తుంది. మన ప్రాంతంలో అక్టోబరు, నవంబరు నెలలు దీనికి అనువైనవి. నల్లరేగడి చేలలో రైతులు ధనియాలు వేసేదీ అప్పుడే. గుంటూరు దగ్గర లాం పరిశోధనా స్థానం నుండి సింధు, సాధన, స్వాతి అనే ధనియాల రకాలు వచ్చాయి. కరివేపాకుకు మాత్రం పండిన వెంటనే తీసిన గింజే కావాలి, దాచిపెడితే మొలవదు.

టమాటా, వంగ, మిరప గింజలను నేరుగా వేయకుండా నారు పోసుకోవాలి. టమాటా నారు 25, 30 రోజులకు, వంగ 30, 35 రోజులకు, మిరప దాదాపు 40 రోజులకు నాటుకు వస్తుంది. నారుమడి నేల కంటే జానెడు ఎత్తుగా ఉండాలి. ఒత్తుగా పోసి రోజూ తడిపితే మొదలు దగ్గర మెత్తబడి పడిపోతుంది. దాన్నే నారుకుళ్ళు అంటారు. తరువాత ఆకుల అడుగున పేనుబంక కనబడితే, 50 గ్రాముల వేపపప్పు దంచి లీటరు నీటిలో రాత్రంతా నానవేసి, వడగట్టి, కొంచెం సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లండి.

కొన్న విత్తనమైతే పొట్లం మీద పరీక్షించిన తేదీ, గడువు చూసి తీసుకోండి. నీలం చీటీ ఉంటే అది ధ్రువీకరించిన విత్తనం. బెండకు నూటికి 65 మొలిస్తే చాలునని ప్రమాణం. అందుకే గుంటకు రెండేసి వేస్తాము. గులాబీ రంగు పూసి ఉంటే అది మందు. పిల్లల చేతికి అందనివ్వకండి.

ఇక నా రెండో తప్పు. మరుసటి ఏడు హైబ్రిడ్ సొర పొట్లం కొన్నాను. పందిరి వేసి, మగ్గం దగ్గర మిగిలిన నూలుపోగులతో తీగలు కట్టాను. మొదటి పువ్వులన్నీ రాలిపోతుంటే కంగారుపడ్డాను. ముందు వచ్చేవి మగపువ్వులేనని, అడుగున చిన్న పిందె ఉన్నదే ఆడపువ్వని పెద్దమ్మ చెప్పింది. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. పిందె నిలవకపోతే మగపువ్వు తెంపి ఆడపువ్వు మధ్యలో అద్దితే సరిపోతుంది. ఆ ఏడు కాయలు బాగా కాశాయి. ఒకటి పందిరి మీదే ఎండనిచ్చి, అత్తగారిలాగే గింజలు బూడిదలో వేసి బుర్రలో పెట్టి మురిసిపోయాను.

వాటిని వేసిన ఏడు ఒక తీగకు పొడుగు కాయ, ఒకదానికి గుండ్రం కాయ, ఇంకొకటి పూతతోనే సరి. ఇది విత్తనం అమ్మినవారి మోసమేమీ కాదు. ఇప్పటి చెక్ దేశంలోని బర్నో పట్టణంలో ఒక మఠం తోటలో గ్రెగర్ మెండెల్ అనే సన్యాసి 1856 నుండి 1863 వరకు బఠాణీలు పెంచి దీని గుట్టు కనిపెట్టాడు. పొడుగు మొక్కను పొట్టి మొక్కతో కలిపితే మొదటి తరమంతా పొడుగే. ఆ గింజలు వేస్తే నాలుగింట ఒకటి మళ్ళీ పొట్టిది. హైబ్రిడ్ గింజ ఆ మొదటి తరం. దిగుబడి కావాలంటే ఏటేటా కొనుక్కోవలసిందే. దాచుకునే గింజ కావాలంటే నాటు రకమే వేయాలి. సొర పక్క పందిరి రకంతో కూడా కలిసిపోతుంది కాబట్టి, గింజకని అనుకున్న పిందెకు మీ తీగ మగపువ్వునే అద్ది, ఆ సాయంత్రమే గుడ్డ చుట్టి పోగుతో కట్టండి. మరో మాట. ఏ సొరకాయైనా కోసిన ముక్క నాలుకకు చేదు తగిలితే వండకండి, రసం తీసి తాగకండి. వాంతులు, విరేచనాలతో ప్రాణం మీదికి తెస్తుంది.

అత్తగారి సొర మెడ దగ్గర కొంచెం వంగి, లేత ఆకుపచ్చ మీద తెల్లని మచ్చలతో ఉండేది. పాలుపోసి వండితే పీచు తగిలేది కాదు. ఆ కాయ ఇక లేదనే అనుకున్నాను. మా వారు పైకి ఏమీ అనలేదు గాని, సొరకాయ కూర వండిన రోజున "అమ్మ కాయ కాదు" అని మాత్రం అనేవారు.

పోయిన కోతపండుగకు నూతక్కిలో బంధువుల సంఘానికి వెళ్ళాము. బల్ల మీద గుమ్మడికాయలు, అరటిగెలల మధ్య మెడ వంగిన సొరకాయ ఒకటి కనబడింది. ఆరాధన అయ్యేదాకా నా చూపు దాని మీదే. ఎవరు తెచ్చారని అడిగితే, మా అత్తగారి వరుసకు చెల్లెలు ఒకామె ముందుకు వచ్చింది. "ఇది మీ అత్తయ్య ఇచ్చిన గింజేనమ్మా! నా పెద్దమ్మాయి పెళ్ళినాడు పదిహేను గింజలు కొంగున కట్టి పంపింది. అప్పటి నుండి వదలలేదు" అన్నది. వేలంలో ఆ కాయను మా వారే పాడుకున్నారు. దాని ఖరీదు ఇక్కడ వ్రాస్తే నవ్వుతారు.

ఆమె ఇంటికి తీసుకువెళ్ళి ఎనిమిది గింజలు ఇచ్చింది. జూన్‌లో మొదటి వాన పడ్డాక నాలుగు వేశాను. మూడు మొలిచాయి. రెండు పక్కింటి పెద్దమ్మకు ఇచ్చాను. మిగిలిన రెండూ బూడిదలో, దూలానికి వేలాడే బుర్రలో ఉన్నాయి.