ఆ మాట అడగొచ్చు

ఆత్మకూరు దాటి నల్లమలలోకి పోతే బైర్లూటి, నాగలూటి, ఇంకా లోపల పెచ్చెరువు. 2022లో నంద్యాల జిల్లాలో కలిశాయి గానీ, మాకు ఇంకా అది కర్నూలు అడవే. ఏఎన్ఎంగా నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ఈ చెంచు గూడేల్లోనే గడిచింది. టీకాలకు, కాన్పులకు, క్షయ మందులకు మా దగ్గర రిజిస్టర్లుండేవి. మనసు బాగాలేని మనిషిని ఎక్కడ రాయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

"నిద్ర పట్టడంలే నర్సమ్మా", "కూడు సయించడంలే", "బతుకు యాష్టకొచ్చింది" అని ఆడవాళ్లు అంటారు. మగవాళ్లు ఆ మాత్రం కూడా అనరు, తాగుతారు. పెళ్లిలో నలుగురితో కూర్చుని తాగడం వేరు, పొద్దున్నే ఒంటరిగా తాగడం వేరు. రెండోది కనిపించిన ఇంట్లో నేను కాస్త ఎక్కువసేపు కూర్చునేదాన్ని.

ఒక గూడెంలో బిడ్డ పోయాక ఒక యువకుడు తేనెకు పోవడం మానేశాడు. గాలి సోకిందని విభూతి పెట్టించారు. చింతచెట్టు కింద పక్కన కూర్చుని, "చచ్చిపోదామని ఎప్పుడన్నా అనిపిస్తాందా నాయనా?" అని అడిగాను. చాలాసేపటికి, "అనిపిస్తాది. రాత్రిపూట" అన్నాడు.

అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చదువుకున్నవాళ్లు కూడా జంకుతారు. పుట్టదు. నేరుగా అడగడం వల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు తేల్చాయి. దాచుకున్నది బయటపెట్టడానికి చాలామందికి అదే మొదటి అవకాశం. విభూతి పెట్టిన పెద్దాయననే తోడిచ్చి ఆ అబ్బాయిని కర్నూలు సర్వజన వైద్యశాలకు పంపించాం. ఆయన మాట వింటాడు కాబట్టి ఆయనే. అక్కడ రాసిచ్చిన మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ మేనమామ అతని పక్కనే పడుకున్నాడు. తర్వాత అతను మళ్లీ తేనెకు పోయాడు.

చెంచుల కష్టాన్నంతా తాగుడు మీదికి నెట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. శ్రీశైలం మల్లన్న వాళ్లకు అల్లుడు, అహోబిలం నరసింహుణ్ణి పెళ్లాడిన చెంచులక్ష్మి వాళ్లింటి పిల్ల. అలాంటి అడవి 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చాక, తాతలు తిరిగిన దారిలో నడవడానికే అనుమతి అడగాల్సి వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చినా పట్టా చేతికందని కుటుంబాలున్నాయి. కెనడాలోనూ ఆదివాసులు ఇలాగే నేల పోగొట్టుకున్నారు. అక్కడి బ్రిటిష్ కొలంబియాలో మైకేల్ చాండ్లర్, క్రిస్టఫర్ లాలొండ్ దాదాపు 200 ఆదివాసీ సమూహాలను పరిశీలించి 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు. సగానికి పైగా సమూహాల్లో ఆరేళ్లపాటు యువతలో ఒక్క ఆత్మహత్యా లేదు. భూమి కోసం గట్టిగా నిలబడి, బడి, వైద్యం, పాలన, తమ సంస్కృతి తమ చేతిలో ఉంచుకున్నచోట ఆత్మహత్యలు బాగా తక్కువ. గిరిజనులంటేనే ఇంత అని పెదవి విరిచేవాళ్లు ఇది చదవాలి.

పత్తికొండ వైపు సుగాలి తండాల్లో కష్టం ఇంకో తీరు. వాన మొహం చాటేస్తే తల్లిదండ్రులు సుగ్గికని, అంటే వలస కూలికి, గుంటూరు మిరప చేలకు పోతారు. ఎదిగిన పిల్లలు అవ్వల దగ్గర మిగులుతారు. పంటకు తెచ్చిన పురుగుమందు ఇంట్లోనే ఉంటుంది. చావాలనే తీవ్రమైన తలపు చాలామందిలో కొద్ది గంటల్లోనే తగ్గుతుంది. ఆ గంటల్లో మందు చేతికందకపోతే మనిషి మిగులుతాడు. శ్రీలంక 1990ల నుంచి అతి ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చింది. అక్కడ ఆత్మహత్యల రేటు ఇరవై ఏళ్లలో 70 శాతం దాకా తగ్గింది. మన దగ్గర కనీసం ఆ డబ్బాలకు ఇంటికి దూరంగా తాళం పడాలి. తాళంచెవి అవ్వ కొంగున ఉండాలి.

ఆత్మహత్యకు ప్రయత్నించాక, కేసవుతుందని భయపడి ఆస్పత్రిలో నిజం దాచేవాళ్లను ఎంతోమందిని చూశాను. దాంతో డాక్టరుకు అసలు సంగతి తెలియక వైద్యం ఆలస్యమవుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క. వైద్యం, ఆదరణ ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రమాదం జరిగితే 108కి ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పండి. మనసు బాగాలేకపోతే 14416, టెలి మానస్. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. కడప రిమ్స్‌లోనూ మానసిక వైద్యులున్నారు.

లోపలి గూడేల్లో ఫోనుకు సిగ్నల్ అందదు. అక్కడ మనిషే కావాలి. డిగ్రీ దాకా చదివి ఖాళీగా ఉన్న చెంచు పిల్లలు నాకు తెలుసు. గూడేనికొకరిని తీసుకుని, వినడం, అడగడం, ఆస్పత్రి దాకా వెంట వెళ్లడం నేర్పి నెలనెలా జీతమివ్వమని శ్రీశైలం ఐటీడీఏను అడుగుతున్నాను. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో నర్సు కంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.