ఉమ్మడి సర్వరులో ఒక్కొక్కరి వాటా

సెమినరీ గ్రంథాలయములలో ఒకే సర్వరును అనేకులు పంచుకొని వాడుకొనుట నేడు సామాన్యమైనది. పరిశోధన పత్రములు, స్కాను చేసిన పాత పత్రికలు, ప్రసంగముల ఆడియోలు అన్నీ ఆ ఒక్క యంత్రములోనే ఉంటాయి. సిద్ధాంత వ్యాసములు సమర్పించవలసిన వారములో ఒక విద్యార్థి వందలాది పుటల చిత్రములను అక్షరములుగా మార్చే ప్రోగ్రామును నడిపిస్తే, మిగిలినవారి తెరలు కదలవు. వారిలో మరునాడే గడువు ఉన్నవాడు ఒకడు ఉండవచ్చు. ఇటువంటప్పుడు యంత్రము పాతబడినదని కొత్తదానికై విరాళములు అడుగుట మామూలు. అయితే ఒక్కొక్కరు ఎంత వాడవచ్చునో ముందుగా నిర్ణయింపబడకపోతే కొత్త యంత్రముకూడ అదే తీరున నిలిచిపోతుంది. ఆ నిర్ణయము ఎలా చేయవలెనో ఈ వ్యాసములో పరిశీలింతము.

కృష్ణా డెల్టావారికి ఈ చిక్కు కొత్తది కాదు. విజయవాడయొద్ద కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తయినది. 1957లో ప్రకాశం బ్యారేజి దాని స్థానమును తీసుకొన్నది. దానినుండి బయలుదేరే కాలువలక్రింద సుమారు 13 లక్షల ఎకరముల ఆయకట్టు ఉన్నది. ఎగువ రైతు తూము పూర్తిగా తెరిస్తే కోడూరు, నాగాయలంక శివారు రైతు ఎండిన బోదెవైపు చూస్తూ కూర్చుంటాడు. నీరు తక్కువైనప్పుడు అన్ని కాలువలకూ ఒకేసారి కొంచెము కొంచెముగా వదిలితే, ఆ పలుచని నీరు శివారుకు చేరకముందే ఇంకిపోతుంది. అందుకే వంతు పెడతారు. కొన్ని రోజులు ఈ కాలువకు నిండుగా, తరువాత ఆ కాలువకు నిండుగా వదులుతారు.

కంప్యూటరు చేసే పనికూడ ఇదే, రోజులకు బదులు సెకనులో వెయ్యవ వంతుల లెక్కన. ప్రాసెసరు కొన్ని మిల్లీసెకన్లు ఒకరి పనిని పూర్తిగా చూసి, వెంటనే మరొకరి పనికి మళ్ళుతుంది. ఇలా అనేకులకు వంతులు వేసే పద్ధతిని 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బటో బృందము సి.టి.ఎస్.ఎస్. అనే వ్యవస్థద్వారా చేసి చూపించినది. హద్దులను దాటే ప్రయత్నముకూడ అక్కడే మొదలైనది. వారానికి నాలుగు గంటలు మాత్రమే కేటాయింపబడిన అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తన పనికి అది చాలక, 1962లో అందరి సంకేతపదముల జాబితాను యంత్రముచేతనే అచ్చువేయించి ఇతరుల ఖాతాలలో ప్రవేశించాడు. ఈ సంగతిని చాలా ఏండ్ల తరువాత ఆయనే చెప్పుకొన్నాడు. పని అవసరమును చూడకుండ గీసిన గీతను తెలివైనవాడు ఎప్పుడూ దాటజూస్తాడు!

ఇక్కడ ఒక భేదమును గమనించవలెను. ప్రాసెసరు సమయము పారే నీటివంటిది. ఈ క్షణమున ఎవరూ వాడకపోతే అది మన్నావలె రేపటికి నిలువ ఉండదు. వరద వచ్చి హంసలదీవివద్ద నీరు సముద్రము పాలగుచున్నప్పుడు రైతు తూమును సగానికి మూసి ఉంచుటలో ప్రయోజనము లేదు. అదేవిధముగా అర్ధరాత్రి యంత్రము ఖాళీగా ఉండగా ఒక విద్యార్థిని పావువంతు దగ్గరే ఆపివేయుట వృథా. గనుక పారే దానికి కఠినమైన హద్దుకంటె వాటా మేలు. పోటీ ఉన్నప్పుడు మాత్రమే వాటా పనిచేస్తుంది, పోటీ లేనప్పుడు అంతా వాడుకోనిస్తుంది.

అయితే వాటాను దేనినిబట్టి లెక్కించవలెను? నడుస్తున్న ప్రోగ్రాములనుబట్టి లెక్కిస్తే, యాభై ప్రోగ్రాములు తెరిచినవాడు ఒక్కటి తెరిచినవానికంటె యాభై రెట్లు పొందుతాడు. కాలువగట్టుమీద ఎన్ని ఆయిలింజన్లు పెడితే అంత నీరు అన్నట్లు! లినక్స్‌లో దీనికి విరుగుడుగా సీగ్రూప్స్ అనే ఏర్పాటు వచ్చినది. గూగుల్ ఇంజనీర్లైన పాల్ మెనాజ్, రోహిత్ సేఠ్ 2006లో దీనిని ప్రారంభించగా, 2008 జనవరిలో వెలువడిన 2.6.24 సంచికలో అది చేరినది. దీనితో ఒక వ్యక్తి నడిపే పనులన్నిటినీ ఒకే గుంపుగా కట్టి, ఆ గుంపుకు ఒక బరువు ఇవ్వవచ్చు. దీని రెండవ రూపములో ఆ బరువు 1 నుండి 10,000 వరకు ఉంటుంది. ఏమీ మార్చకపోతే అందరికీ 100. అప్పుడు యాభై ప్రోగ్రాములవానికీ ఒక్క ప్రోగ్రామువానికీ పోటీవేళ సమానమే దొరుకుతుంది.

మెమరీ, డిస్కుల సంగతి వేరు. అవి చెరువువంటివి. ఒకడు పట్టి ఉంచినది, అతడు విడిచేవరకు మరొకనికి రాదు. మెమరీ పూర్తిగా నిండితే లినక్స్ ఏదో ఒక పనిని చంపి చోటు చేసుకొంటుంది. చచ్చేది తప్పు చేసినవాని పనే కానక్కరలేదు, అమాయకుని వ్యాసముకూడ కావచ్చు. గనుక ఇక్కడ గట్టి హద్దే కావలెను. ఒక్కొక్కరి గుంపుకు పరిమితి పెడితే, దానిని దాటినవాని పనులలోనుండే ఒకటి చస్తుంది.

డిస్కు విషయములో 1983లో వచ్చిన బర్కిలీ యూనిక్స్ కాలమునుండి మంచి పద్ధతి ఉన్నది. మెత్తని హద్దు ఒకటి, గట్టి హద్దు ఒకటి. మెత్తని హద్దు దాటితే హెచ్చరించి, సాధారణముగా ఏడు దినముల గడువిస్తారు. ఆ లోపున తగ్గించుకోకపోతే కొత్తగా ఏమీ దాచనివ్వదు. గడువు ఉన్నదిగదా అని గట్టి హద్దును మాత్రము ఎన్నడూ దాటనివ్వదు. మా దృష్టిలో సెమినరీలకు మొదట కావలసినది ఇదే, ఎందుకనగా ఆడియోలు, వీడియోలు చెప్పకుండ పెరుగుతాయి.

ఇక హద్దు గీసేది ఎవరు? రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లా కాలువ గ్రామములను పరిశీలించి 1988లో ఒక గ్రంథము ప్రచురించాడు. కాలువ చివరనున్న గ్రామములే ఎక్కువగా తమలో తాము కట్టుబాటు చేసుకొని, పొలములకు నీరు పంచుటకు ఊరుమ్మడి మనుషులను పెట్టుకొన్నట్లు ఆయన చూపాడు. 2009లో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఓస్ట్రమ్ ఇటువంటి ఉమ్మడి వనరులనే అధ్యయనము చేసి, వాడుకొనేవారికి నియమములు చేయుటలో పాలు ఉండవలెననియు, తప్పుకు శిక్ష కొద్దికొద్దిగా పెరగవలెననియు తేల్చినది. సర్వరు చూసే వ్యక్తి ఒక్కడే కూర్చుండి అంకెలు వేస్తే షెర్‌వంటివారు పుడతారు. పైగా పాలకుని ఖాతాకు డిస్కు హద్దు సాధారణముగా వర్తించదు. తనకు లేని ఇరుకు అతనికి కనబడదు.

అందుచేత ఎవరు ఎంత వాడుతున్నారో నెలకొకసారి అందరికీ కనబడేటట్లు గ్రంథాలయపు బోర్డుమీద అంటించవలెను. వ్యాసములు సమర్పించే వారమునకు ముందే చివరి సంవత్సరపు విద్యార్థులను పిలిచి, ఆ వారము ఎవరి బరువు పెంచవలెనో వారితోనే నిర్ణయింపజేయవలెను. భారీ పనులను రాత్రి పదింటి తరువాతకు మళ్ళించవచ్చు. ఆ వేళకు కాలువ నిండుగానే ఉంటుంది.