తీసుకోని అప్పు తీర్చమంటే!

'మూణ్నెల్లుగా లోను కట్టట్లేదు. సాయంత్రంలోగా డబ్బు పంపకపోతే ఇంటికొస్తాం'... ఫోన్లో గద్దింపు. ఏ లోనూ తీసుకోనివాళ్లకి గుండె గుభేల్‌మంటుంది. అలాగని పరువు కోసం ఎంతోకొంత కట్టారో, ఆ అప్పు మీదేనని ఒప్పుకున్నట్లవుతుంది!

ముందు అడగాల్సింది- ఏ బ్యాంకు, ఏ ఖాతా, ఎప్పటి అప్పు అని. వివరాలు రాతపూర్వకంగా పంపమనాలి. ఆధార్‌, పాన్‌, ఓటీపీ మాత్రం చెప్పకూడదు. ఆ తర్వాత క్రెడిట్‌ రిపోర్టు చూసుకోవాలి. సిబిల్‌ సహా నాలుగు సంస్థలూ ఏడాదికోసారి దాన్ని ఉచితంగా ఇస్తాయి. అందులో మీకు తెలియని లోను కనిపిస్తే ఆ సంస్థకీ, బ్యాంకుకీ వెంటనే ఫిర్యాదు చేయాలి. ముప్ఫై రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకి వంద రూపాయల చొప్పున పరిహారమివ్వాలని 2023లో రిజర్వుబ్యాంకు ఆదేశించింది. బ్యాంకు నెలరోజులైనా పలక్కపోతే రిజర్వుబ్యాంకు అంబుడ్స్‌మన్‌ని ఆశ్రయించొచ్చు. పైసా ఖర్చుండదు. మీ పాన్‌తో ఎవరో ఆన్‌లైన్లో లోను తీసుకున్నారని తేలితే 1930కి ఫోన్‌ చేసి సైబర్‌ పోలీసులకు చెప్పాలి.

అప్పు నిజమైనదే అయినా సరే, ఉదయం ఎనిమిదికి ముందూ సాయంత్రం ఏడు తర్వాతా ఏజెంట్లు ఫోన్‌ చేయకూడదు. బంధుమిత్రులకు చెప్పి పరువు తీయకూడదు. 2022లోనే రిజర్వుబ్యాంకు ఈ విషయం స్పష్టంచేసింది. కాబట్టి వచ్చిన ప్రతి కాల్‌ తేదీ, సమయం, నంబరు రాసిపెట్టుకోండి. రేపు ఫిర్యాదుకి అవే సాక్ష్యాలు!