కాటన్ దొర ఊళ్లో కాఫీ గది

ఇంగ్లండు వెళ్లొచ్చామని చెప్పగానే ఎవరైనా అడిగేది లండన్ గురించే. రాజుగారి ప్యాలెస్ చూశారా, పెద్ద గడియారం చూశారా అంటారు. అవీ చూడాల్సినవే. కానీ ఆ దేశం అసలు అందం చిన్న ఊళ్లలో ఉందని నాకనిపించింది. అలాంటి ఊరొకటి డార్కింగ్. లండన్‌కు దక్షిణంగా, సర్రే కౌంటీలో ఉంటుంది. వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కితే గంటలోపు దిగిపోవచ్చు.

మా అమ్మాయి లండన్‌లో ఉద్యోగం చేస్తోంది. "ఎక్కడికి వెళ్దామమ్మా?" అంటే ఈ ఊరి పేరే చెప్పాను. కారణం ఉంది. మాది గోదావరి కాలువ కింద పల్లె. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ ముసలితనంలో ఉన్నదీ, 1899 జులై 24న కన్నుమూసిందీ ఈ డార్కింగ్‌లోనే.

ఐదు వేళ్ల కోడి

స్టేషన్ నుంచి ఊళ్లోకి వెళుతుంటే రోడ్ల కూడలిలో పది అడుగుల కోడిపుంజు విగ్రహం కనిపిస్తుంది. 2007లో పెట్టారు. పండగొచ్చినా, ఆటల పోటీలొచ్చినా ఎవరో ఒకరు రాత్రికి రాత్రే దానికి టోపీనో, మఫ్లరో తొడిగేస్తారట! మామూలు కోళ్లకు కాలికి నాలుగు వేళ్లుంటే డార్కింగ్ జాతి కోడికి ఐదు. ఒకప్పుడు ఈ ఊరి సంతలో కోళ్ల వ్యాపారం జోరుగా సాగేది.

హైస్ట్రీట్‌లో ఒకపక్క కాలిబాట రోడ్డుకన్నా బాగా ఎత్తులో, అరుగులాగా ఉంటుంది. అక్కడ నిలబడి బజారంతా చూడొచ్చు. అటుపైన వెస్ట్ స్ట్రీట్. పాత సామాన్ల దుకాణాలు వరసగా ఉంటాయి. పింగాణీ కప్పులు, ఇత్తడి దీపాలు, కుర్చీలు... చూస్తుంటే కాలం తెలియదు. ధరలు అడిగితే మాత్రం తెలుస్తుంది!

ఆ వీధిలోనే విలియం ముల్లిన్స్ ఇల్లుంది. చెప్పుల వ్యాపారి. 1620లో మేఫ్లవర్ ఓడలో భార్యతో, కొడుకుతో, కూతురు ప్రిసిల్లాతో అమెరికా వెళ్లాడు. మొదటి చలికాలమే తల్లీ, తండ్రీ, తమ్ముడూ పోయారు. కొత్త దేశంలో ఆ పిల్ల ఒక్కతే మిగిలింది. తర్వాత పెళ్లి చేసుకుని పెద్ద సంసారాన్నే నడిపింది. ఆమె సంతతి వాళ్లు ఇప్పటికీ అమెరికాలో ఉన్నారు. ఆ గుమ్మం ముందు నిలబడితే, పిల్లల్ని దూరదేశం పంపిన ఏ తల్లికైనా మనసు ఒక్కక్షణం ఆగుతుంది.

తండ్రి నీళ్లిచ్చాడు, కూతురు కాఫీ ఇచ్చింది

కాటన్ దొర గురించి మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తిచేశాడు. ఇండియా నుంచి వచ్చేశాక కూడా ఊరుకోలేదు. మన నీటిపారుదల గురించి ఫ్లోరెన్స్ నైటింగేల్‌తో ఉత్తరాలు నడిపాడు. డార్కింగ్‌లో నేల లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేశాడు. ఊరి శ్మశానంలో ఆయన సమాధి ఉంది. దండం పెట్టుకుని, మా ఊరి కాలువను తలచుకున్నాను.

కానీ ఈ ఊళ్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆయన కూతురు ఎలిజబెత్. 1842లో పుట్టింది. ఆనకట్ట కడుతున్న రోజులకు చిన్నపిల్ల. పెద్దయ్యాక డార్కింగ్‌లో కూలీనాలీ జనం ఇళ్లకు వెళ్లి చూస్తే ఆమెకు కనిపించింది తాగుడు. వారం కూలి ఇంటికి చేరకముందే పబ్బులో ఖర్చయిపోయేది. పెళ్లాంబిడ్డలు పస్తు.

"తాగొద్దు" అని చెప్పడం తేలికే. పని దిగిన మగవాడు చలిలో ఎక్కడికి పోతాడు? ఇల్లు చూస్తే ఇరుకు. వెచ్చగా, వెలుతురుగా, నలుగురు మనుషులతో ఉండేది పబ్బొక్కటే. కాబట్టి ఎలిజబెత్ అలాంటి గదినే ఇంకొకటి తెరిచింది. సారా బదులు కాఫీ, టీ, తినడానికి చవగ్గా ఏదో ఒకటి. సాయంత్రాలు సమావేశాలు, బైబిలు పాఠాలు. తాగనని సంతకం పెట్టేవాళ్లు పెట్టేవాళ్లు. ఆ అనుభవాలతో 1876లో 'అవర్ కాఫీ రూమ్' అని పుస్తకం రాసింది. మరుసటి ఏడు అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్‌ను పెళ్లాడి లేడీ హోప్ అయింది. ఆ రోజుల్లో ఇంగ్లండు ఊరూరా ఇలాంటి కాఫీ హోటళ్లు వెలిశాయి.

ఆమె గురించి మెచ్చుకోళ్లే కాదు, వివాదమూ ఉంది. డార్విన్ చివరి రోజుల్లో మతం వైపు మళ్లాడని ఆమె చెప్పినట్టు 1915లో అచ్చయితే, ఆయన పిల్లలు అదంతా అబద్ధమన్నారు. ఆ సంగతి అలా ఉంచి, కాఫీ గది వరకు చూస్తే ఆమె ఆలోచన మెచ్చుకోదగ్గదే.

ఎందుకింత చెబుతున్నానంటే, మా మేనత్తకు రెండెకరాల మాగాణి ఉండేది. కాటన్ దొర నీళ్లతో పండే భూమి. మామయ్య తాగుడుకు ముందు ఒక ఎకరం పోయింది, తర్వాత రెండోదీ పోయింది. నీళ్లొచ్చిన పొలానికి కాపలా కాయాల్సింది కాలువ గట్టున కాదు, సారా కొట్టు గుమ్మంలో అని అత్తయ్య అంటుండేది. తండ్రి పొలానికి నీళ్లిస్తే, ఆ పంట ఇంటికి చేరాలంటే ఏం కావాలో కూతురు ఆలోచించిందన్నమాట.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని సడలించారు. కొట్టు మూయించడం మనవాళ్ల దారి, ఎదురుగా ఇంకో తలుపు తెరవడం లేడీ హోప్ దారి. రెండూ కావాలేమో! మన ఊళ్లలో పని దిగిన మగవాళ్లకు, కుర్రాళ్లకు కూర్చోవడానికి చోటెక్కడుంది? లైబ్రరీకి తాళం, కూడలిలో మద్యం షాపుకు దీపాలు.

మీరు వెళితే...

పిల్లల దగ్గరికి ఇంగ్లండు వెళ్లే తల్లులు ఇప్పుడు బోలెడుమంది. ఒక్కరోజు ఈ ఊరికి కేటాయించండి. స్టేషన్లు మూడున్నాయి, టిక్కెట్ తీసేముందు ఏది దగ్గరో చూసుకోండి. వెస్ట్ స్ట్రీట్‌లో చిన్న మ్యూజియం ఉంది. తెరిచే రోజులు కనుక్కుని వెళ్లండి. పక్కనే బాక్స్ హిల్ కొండ. జేన్ ఆస్టిన్ 'ఎమ్మా' నవలలో అందరూ పిక్నిక్‌కి వెళ్లేది ఆ కొండకే. చీర కట్టుకున్నా ఫరవాలేదు గానీ కాళ్లకు బూట్లు, చేతిలో గొడుగు తప్పనిసరి. పులిహోర కట్టుకెళితే కొండమీద గడ్డిలో కూర్చుని తినొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు.

శ్మశానానికి వెళ్లినప్పుడు తండ్రికి దండం పెట్టండి. మళ్లీ ఊళ్లోకొచ్చి కప్పు కాఫీ తాగేటప్పుడు కూతుర్నీ తలచుకోండి.