నాలుక ఎంతవరకు సాక్షి? ద్రాక్షాసవం నుంచి తాటికల్లు దాకా

ద్రవ్యపరీక్షకు మా గురువులు మొట్టమొదట చూపిన సాధనం నాలుక. చూర్ణమైనా, కషాయమైనా, ఆసవమైనా ఒక చుక్క నాలుకపై వేసుకొని, మొదట తోచిన రసమేది, వెనుక నిలిచే అనురసమేది, మింగిన తరువాత పుట్టేది వేడియా చలువా అని శిష్యులు చెప్పవలసి ఉండేది. ఆ అభ్యాసంతోనే మద్యవర్గంలోని పానీయాలను కూడా చుక్క చొప్పున రుచి చూశాను. శ్రీరాంపూర్ వంటి బొగ్గుగనుల ప్రాంతంలో వైద్యం చేసేవాడికి ఇది తెలియక తప్పదు. షిఫ్టు దిగివచ్చిన మనిషి ఏ పానీయం పేరు చెబుతాడో దానిని బట్టే అతని జబ్బును సగం ఊహించవలసి వస్తుంది.

మద్యాన్ని మన శాస్త్రం పూర్తిగా తోసిపుచ్చలేదు, నెత్తికీ ఎత్తుకోలేదు. చరకసంహిత సూత్రస్థానం 25వ అధ్యాయంలో ధాన్యం, ఫలం, మూలం, సారం, పుష్పం, కాండం, పత్రం, త్వక్కు, శర్కర అనే తొమ్మిది మూలాల నుంచి 84 ఆసవాలు పేర్కొనబడ్డాయి. అదే గ్రంథం చికిత్సాస్థానం 24వ అధ్యాయంలో, మద్యానికి గల పది గుణాలు ఓజస్సుకు గల పది గుణాలకు సరిగా వ్యతిరేకమని హెచ్చరించింది. పాఠకులు ఈ రెండు మాటలనూ కలిపి చదువుకోవాలి.

ద్రాక్షనే తీసుకుందాం. ద్రాక్షాసవం నాలుకకు మొదట మధురం, దాని వెంట ఏలకులు, మిరియాలు, పిప్పళ్ల వేడి, చివర ధాతకీపుష్పపు లేత వగరు. ఎర్ర వైన్‌ది వేరే దారి. మొదట పులుపు, వెంటనే చిగుళ్లను పట్టి బిగించే వగరు. కరక్కాయ ముక్క కొరికినట్లే ఉంటుంది. తొక్కలతో, గింజలతో సహా పులియబెట్టడం వలన వాటిలోని టానిన్ రసంలోకి దిగుతుంది. తొక్కలు తీసివేసి పులియబెట్టిన తెల్ల వైన్‌లో ఆ వగరు పలుచబడి పులుపే ముందు నిలుస్తుంది. బీరులోని చేదు బార్లీది కాదు, అందులో మరిగించే హాప్స్ పువ్వులది. చేదు కోసమే ఒక పానీయం తాగేవారు కాకరకాయ కూర వద్దనడం నాకు ఎప్పుడూ వింతే!

ద్రాక్షాసవాన్ని షర్బత్తుగా భావించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. వైన్‌లో నూటికి సుమారు 12 పాళ్లు మద్యసారం ఉంటే, ఆసవారిష్టాలలో తానై పుట్టిన మద్యసారం సాధారణంగా 5 నుంచి 10 పాళ్ల వరకు ఉంటుంది. తాగుడు మానుకున్న వ్యక్తికి బలం కోసమని వీటిని పట్టించకూడదు. మానిన కోరికను అవి మళ్లీ లేపుతాయి.

ఇక మా ఆదిలాబాద్ అడవుల ఇప్పపువ్వు. వసంతకాలంలో తెల్లవారుజామున రాలిన పువ్వును అప్పుడే నోట వేసుకుంటే కండగల తీపి, ముక్కుకు కొంచెం మత్తైన వాసన. ఎండబెడితే కిస్మిస్‌లా ముడుచుకుంటుంది. చరకుడు గ్రహణీ చికిత్సలో చెప్పిన మధూకాసవానికి ఇదే ఆధారం. అదే పువ్వును పులియబెట్టి బట్టీపెట్టిన ఇప్పసారాలో పూలవాసన మిగులుతుంది గాని తీపి మాయమవుతుంది. నాలుకపై నిలిచేది కారం, గొంతులో మంట. పువ్వులోని పోషణ కావాలనుకునేవారికి ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూ మంచి మార్గం.

కల్లు విషయంలో గడియారమే రుచిని నిర్ణయిస్తుంది. సున్నం పూసిన లొట్టిలో పట్టిన నీరా శుద్ధమధురం. సున్నం లేని లొట్టిలో చెట్టుపైనే పులియడం మొదలవుతుంది. పొద్దున దించినది తీపి, మధ్యాహ్నానికి తీపి-పులుపు, సాయంత్రానికి పులుపే. మరునాటికి అది కాడివైపు తిరుగుతుంది. ఈతకల్లు నా నాలుకకు తేలికగా, తాటికల్లు బరువుగా తోచాయి. సహజమైన కల్లులో మద్యసారం నూటికి 4 నుంచి 6 పాళ్లకు మించడం అరుదు.

ఆ లెక్క ప్రకారం రెండు సీసాలు తాగిన మనిషి రోజంతా మగతలో పడి ఉండకూడదు. పడి ఉన్నాడంటే అది కల్లు కాదు. ‘కల్లు తప్ప ఏం తాగలే సారు’ అనే రోగి అబద్ధం చెప్పడం లేదు. అతడు తాగినది ఏమిటో అతడికే తెలియదు. పట్టణాల దుకాణాలలో అమ్మే కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మత్తుమందులు కలిపిన కేసులు తెలంగాణలో ఏళ్ల తరబడి బయటపడుతూనే ఉన్నాయి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీకల్లు పలువురి ప్రాణాలు తీసింది.

నాలుక ఇక్కడ ఓడిపోతుంది. శాకరిన్ కలిపితే కొంత పట్టుకోగలం: దాని తీపి పులుపుతో కలిసిపోదు, మింగిన తరువాత కూడా చేదుతో కలిసి వేలాడుతుంది. ఆల్ప్రజోలమ్ సంగతి అలా కాదు. వైద్యులు రాసే మాత్రలో అది పావు లేదా అర మిల్లీగ్రాము మాత్రమే. పులిసిన కల్లులో అంతటి అణుమాత్రాన్ని ఏ నాలుకా గుర్తించలేదు. ‘రుచి బాగానే ఉంది’ అన్నది భరోసా కాదు.

గృహిణులు ముఖ్యంగా గమనించవలసినది మరొకటి. ఇటువంటి కల్లుకు అలవాటుపడిన మనిషిని ఒక్కసారిగా మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టడం ప్రమాదం. మొదటి వారంలోనే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, చెమటలు, లేనివి కనిపించడం, పొంతనలేని మాటలు, చివరకు మూర్ఛ. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇటువంటి రోగులు పెద్దసంఖ్యలో వచ్చారు. దయ్యం పట్టిందని తాయెత్తులు కట్టించి కాలం గడపవద్దు. నా మందులపెట్టెలోని ఏ అరిష్టమూ ఆ మూర్ఛను ఆపదు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి, ఏ దుకాణపు కల్లు ఎన్నాళ్లుగా తాగుతున్నాడో దాచకుండా చెప్పాలి. అక్కడ మందును క్రమంగా తగ్గిస్తూ మాన్పిస్తారు.

ఆ గండం గడిచిన తరువాత, నోటి ఎండుదల, మంట, అరుచి ఉన్నవారికి శార్ఙ్గధర సంహితలోని ఖర్జూరాది మంథం ఇవ్వవచ్చు. ఖర్జూరం, ఎండుద్రాక్ష, దానిమ్మ గింజలు, చింతపండు, ఉసిరిక పెచ్చులు కలిపి ఒక పలం, అనగా సుమారు 50 గ్రాములు తీసుకోవాలి. మూలంలో చింతవలె పుల్లని వృక్షామ్లం, పరూషక ఫలం కూడా ఉన్నాయి. అవి దొరకనిచోట లేకున్నా పానీయం కుదురుతుంది. దంచి నాలుగింతల చల్లని నీటిలో కొంతసేపు నానబెట్టి, కవ్వంతో బాగా చిలికి, వడకట్టి పగటివేళ రెండుమార్లుగా ఇవ్వాలి. ఉసిరిక వగరు తక్కువగా ఉంటే తీపి వెగటు పుడుతుంది కనుక దానిని తగ్గించవద్దు. మధుమేహం గలవారికి ఇది పనికిరాదు. వారికి వెన్న తీసిన పలుచని మజ్జిగలో కొంచెం సైంధవలవణం, జీలకర్ర పొడి వేసి ఇవ్వండి.