అడవిలో ఆవిరి బండి

చింతలపూడిలో పుట్టి పెరిగిన పిల్లవాడు రైలు ఎక్కవలెనంటే ఏలూరు పోవలసినదే. బెజవాడ నుండి ఏలూరు, తాడేపల్లిగూడెముల మీదుగా గోదావరి గట్టు వరకు ఇనుపదారి 1893లో పడినది. అది పల్లపు భూముల వెంట సాగినది గాని, ఉత్తరాన ఉన్న మెట్టవైపు, అడవివైపు తిరిగి చూడలేదు.

మరి మన అడవుల కలపకు దారి ఏది? గోదావరియే. భద్రాచలము వైపు అడవులలో కొట్టిన టేకు దుంగలను, వెదురును తెప్పలుగా కట్టి నీటిమీద వదలితే, అవి పాపికొండల నడుమగా రాజమహేంద్రవరము చేరేవి. పచ్చి టేకు బరువు; సులభముగా తేలదు. అందుచేత నీటిదారిన కలప పంపేచోట్ల, చెట్టు మొదట చుట్టూ గాటు పెట్టి, రెండు మూడేండ్లు నిలువున ఎండనిచ్చి, ఆపైన కొట్టేవారు. తేలని కలపకు వెదురు కట్టలు తోడు కట్టేవారు. ఏరు కూలి అడుగదు, బొగ్గు తినదు. అటువంటి సేవకుడు ఇంట ఉండగా అడవికి ఇనుపపట్టాలు వేయవలసిన అవసరమేమున్నది?

అయితే ఏరు ఉండియు ఉపయోగపడని చోట్లున్నవి. పూర్వపు కొచ్చి సంస్థానములో పరంబికుళము అట్టిది. టేకుకు, జిట్రేగికి పేరుపొందిన కొండ అడవి అది. అక్కడి నీరు చేరే చాలకుడి నది అతిరప్పిళ్ళి వద్ద సుమారు 80 అడుగుల ఎత్తునుండి దూకుతుంది. ఆ జలపాతములో పడిన దుంగ ఏ గతి పొందునో చెప్పనక్కరలేదు. 1902లో షోరనూరు నుండి కొచ్చికి రైలు వచ్చి, చాలకుడిలో స్టేషను వెలసినది. అడవినుండి ఆ స్టేషను దాకా కలపను దింపగలిగితే చాలు. అక్కడినుండి ఓడరేవు దూరము కాదు. ఆ ఆలోచన నుండి పుట్టినదే కొచ్చి రాజ్య అటవీ ట్రామ్‌వే. 1907లో అది నడక మొదలుపెట్టినది. మీటరు గేజి మార్గము. పొడవు సుమారు 50 మైళ్లు, అనగా 80 కిలోమీటర్లు.

ఎంజన్లు జర్మనీ నుండి వచ్చినవి. బెర్లినులోని ఓరెన్‌స్టైన్ అండ్ కోప్పెల్ అను కంపెనీ గనులకు, తోటలకు, అడవులకు తగిన చిన్న ఎంజన్లు చేయుటలో ప్రసిద్ధికెక్కినది. పెద్ద రైలు ఎంజను తన నీటిని, బొగ్గును వెనుక వేరొక బండిలో లాగుకొని వస్తుంది. ఇటువంటి పొట్టి ఎంజను సాధారణముగా తన నీటితొట్టిని తన ఒంటిమీదనే మోసుకొంటుంది. దానివలన బరువు చక్రములపై పడి, పట్టాలమీద పట్టు చిక్కుతుంది. ఇరుకు మలుపులలో తిరుగుట తేలిక అవుతుంది.

కాని ఎంత బలమైన ఎంజనైనను నిట్రముగా ఉన్న కొండను ఎక్కలేదు. అందుకు అక్కడ చేసిన ఉపాయము పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులు తప్పక గమనించదగినది. కొండవాలున పట్టాలు వేసి, పైన పెద్ద కప్పీ నిలిపి, ఇనుపమోకు తగిలించినారు. మోకు ఒక కొసను దుంగలతో నిండిన బండి, రెండవ కొసను కింద ఉన్న ఖాళీ బండి. నిండుబండి తన బరువుతో దిగుతూ ఖాళీబండిని పైకి లాగుతుంది. మనిషి చేయవలసినది బ్రేకు పట్టి వేగము అదుపులో ఉంచుటయే. పల్లెబావి గిలకకు రెండు చేదలు కట్టి తోడిన వారెవరికైనను ఈ సూత్రము కొత్త కాదు. వాలుకు వాలుకు నడుమ ఉన్న సమమైన నేలపై మాత్రము ఆవిరి ఎంజన్లు బండ్లను లాగేవి.

ఈ బండి అర్ధశతాబ్దికి పైగా కలపను మోసి సంస్థానమునకు ధనము తెచ్చినది. తరువాత అడవిలోకి బాటలు పడినవి, లారీలు వచ్చినవి. ట్రామ్‌వే నిర్వహణ భారమైనది. 1963లో అది మూతబడినది. మోయుటకు వేసిన దారి, మోయుట ముగియగానే అనాథ అయినది.

రైలుకు, అడవికి గల సంబంధము ఒక్క కొచ్చితో పోయేది కాదు. వెనుకటి రోజులలో మైలు దారికి 1,760 నుండి 2,000 వరకు కొయ్య స్లీపర్లు కావలసి ఉండేవి; పది పదిహేనేండ్లకే వాటిని మార్చవలసి వచ్చేది. ఈ కలప చాలదన్న భయమే 1864లో ఆంగ్ల ప్రభుత్వము అటవీశాఖ నెలకొల్పుటకు ముఖ్యకారణము. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చినది. అడవి సర్కారు సొత్తు అయినది. పోడు కొట్టుకొని బ్రతికే మన్యవాసి తన చోటనే దొంగ అయినాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట వారు నిలిచిన కారణములలో ఇది ఒకటి.

పరంబికుళము 1973లో వన్యప్రాణి సంరక్షణ కేంద్రమైనది. అటుపిమ్మట పులుల అభయారణ్యమైనది. అక్కడ కన్నిమార అను టేకు వృక్షమున్నది. దాని మొదలు చుట్టుకొలత సుమారు 7 మీటర్లు. ట్రామ్‌వే వచ్చుటకు శతాబ్దములకు పూర్వమే అది అక్కడ ఉన్నది. ట్రామ్‌వే పోయిన తరువాతను ఉన్నది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. చింతలపూడికి పొరుగుననే ఉన్న సత్తుపల్లి దాకా, భద్రాచలము రోడ్డు స్టేషను నుండి ఇటీవలి సంవత్సరములలో ఇనుపదారి పడినది. సింగరేణి సంస్థ, రైల్వేశాఖ కలిసి బొగ్గుకొరకు వేసిన దారి అది. కలప మరల పెరుగును, బొగ్గు పెరుగదు. ఒక్క సరకుకొరకు వేసిన దారి ఆ సరకు తీరిన నాడు ఏమగునో కొచ్చి కథ చెప్పనే చెప్పినది. ఆ దారిలో మనుషులు కూడ ఎక్కి దిగేటట్లు చేసుకొనుట, ఆ దారి అంచున ఒక కన్నిమారనైనను మిగుల్చుకొనుట మన చేతిలోని పని. ఏలూరు పోయి రైలును చూచి మురిసే ఈనాటి విద్యార్థి రేపు ఈ లెక్క అడుగును. జవాబు సిద్ధముగా ఉంచుకొనవలసినవారము మనమే.