విరాటపర్వము వినవచ్చిన పెద్దమ్మ

వానలు వెనుకపట్టినప్పుడు విరాటపర్వము చదివించుట మన తెలుగునాట తరతరముల యాచారము. గడచిన యాషాఢమున మా నిజామాబాదు పట్టణముమీద మబ్బులు వచ్చి పోవుటయే గాని చినుకు రాలలేదు. మా వీధి దేవాలయ మండపములో శనివారము సాయంకాలములందు పది పదునైదుగురు వృద్ధస్త్రీలు కూడుచుందురు. కొందఱికి చూపు మందగించినది. కొందఱికి చదువు రాదు. అందుచేత పుస్తకము పట్టుకొని చదువుట మాపాల బడినది. చిన్ననాట మా తండ్రిగారు భారత భాగవతములు మాకు ఇంటనే చెప్పిరి గాని, ఆ చదువు ఇట్టి పనికి వచ్చునని ఆయనయు తలంపలేదు, మేమును తలంపలేదు.

అర్జునుడు బృహన్నలయై విరాటుని కొలువున నిలిచిన ఘట్టము నడుచుచుండెను. ముందు కూర్చున్న యొకామె ముసిముసిగా నవ్వి ప్రక్కయామె చెవిలో నేదో చెప్పెను. ఆమెయు నవ్వెను. ఆ నవ్వు దేనికో మాకు తెలిసినది. మండపపు మెట్ల చివర, ఎండకును నీడకును నడుమ, ఒక హిజ్రా కూర్చుండియుండెను. వయస్సు అఱువదియెనిమిది యుండును. పగలెల్ల అంగళ్లవెంట చప్పట్లు చఱచుచు తిరిగి, కాళ్లు లాగి, అచట కొంతసేపు కూలబడుట ఆమె వాడుక. మేము చదువుట యాపితిమి. అప్పుడామె మావంక చూడకయే ఇట్లనెను:

"అమ్మా, ఏడాది గడిస్తె ఆయన చీర ఇడిచి బాణం పట్టిండు. మాకు ఆ ఏడాది ఇంక అయిపోలే."

మండపములో నెవ్వరును పలుకలేదు. తిక్కన సోమయాజి విరాటపర్వమును మేమెన్ని మాఱులు చదివితిమో లెక్కలేదు. పాండవుల యజ్ఞాతవాసము ముగియునప్పుడెల్ల సంతోషించితిమి. ముగియని యజ్ఞాతవాసము కలవారు మన వీధిలోనే తిరుగుచున్నారని మాత్రము తోచలేదు.

సోదరీమణులారా, ఇచట మా తప్పొకటి చెప్పుకొనవలసి యున్నది. ఆనాడు పారాయణము ముగిసిన పిమ్మట తేనీరు పంచితిమి. అందఱికిని స్టీలు గ్లాసులు. ఆమెకు కాగితపు గ్లాసు. ఎవ్వరును చెప్పలేదు, మేమును యోచింపలేదు, చేయి దానంతట నదియే ఆ గ్లాసును తీసినది. ఆమె త్రాగి, గ్లాసును నలిపి, తన సంచిలోనే వేసికొని పోయెను. చక్కెర కర్మాగారములో పని చేసిన వాని భార్య, ఇప్పుడు విధవ, ఒక పెద్దమ్మ మా గోష్ఠికి వచ్చుచుండును. ఆమె మావంక చూచిన చూపు రాత్రి నిద్ర పట్టనీయలేదు. మఱుసటి శనివారము ఆ పెద్దమ్మయే తన గ్లాసును ఆమెకిచ్చి, "పైకొచ్చి కూసో, మెట్టుమీద నడుం పట్టుకుంటది" అని పిలిచెను.

అటుపిమ్మట నాలుగైదు వారములు పద్యములు తక్కువగను, ఆమె కథ యెక్కువగను నడిచెను. ఆమె సమ్మతితోనే వ్రాయుచున్నాము. పేరును ఊరును వ్రాయవలదనెను.

ఆమె పుట్టినది బోధను తాలూకాలో, నిజాంసాగరు కాలువ పాఱు పల్లెలో. మంజీరానదిపై ఆ యానకట్టను 1923లో మొదలిడి 1931లో ముగించిరి. ఆ నీళ్లతో చెఱకు పెరిగినది. ఆ చెఱకు కొఱకు 1937లో బోధను చెంత నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడి, దాని చుట్టు శక్కర్‌నగరము వెలసినది. ఆసియాఖండమున మిక్కిలి పెద్ద చక్కెర కర్మాగారమని దాని నొకకాలమున చెప్పుకొనిరి. చెఱకు కోతకాలమున బండ్లు కర్మాగారము ముందు బారులు తీఱి రాత్రులెల్ల నిలిచియుండెడివి. మన పెద్దమ్మ అప్పటికి పదేండ్ల బాలుడు. తండ్రితో బండిమీద వచ్చెడివాడు. చలికి తల్లి పాతచీర కప్పుకొని, ఆ చీరనే పైటగా వేసికొని, బతుకమ్మ పాటలు పాడెడివాడు. బండ్లవాండ్రు నవ్వి బెల్లపుముక్కలు పెట్టెడివారు. "మా నాయిన నిద్రవోయినట్టు పండుకునేటోడు" అని ఆమె చెప్పెను. మాకు ఆమె కథలో మఱపురానిది ఇదియే. ఆ తండ్రి కొట్టలేదు, మెచ్చలేదు, కన్నులు మూసికొనెను. ఎందఱు తల్లిదండ్రులు అంతమాత్రము దయయైనను చూపుదురు?

పదునాఱవ యేట అన్న ఆమె జుట్టు కత్తిరించి, చెఱకుగడతో కొట్టెను. ఆ రాత్రియే రైలెక్కి హైదరాబాదు చేరినది. అచట ఒక గురువు చేరదీసెను. హిజ్రాల యిండ్లలో గురువే తల్లి, గురువే అత్త, చేలాలే బిడ్డలు, ఢోలకు వాయించుట, తొట్టెలకును గృహప్రవేశములకును పోయి దీవించుట, వచ్చినదానిని పంచుకొనుట, అన్నిటికిని కట్టుబాట్లు కలవు. తిన్నంతకాలము తిండికి లోటు లేదనియు, ఏడ్చిన దినములు లెక్కింపలేననియు చెప్పెను. తల్లికి జబ్బుచేసినదని పదునేడేండ్లకు కబురు రాగా, చీకటిలో పెరటితలుపున నింటికి వచ్చెను. దీపము పెట్టవద్దని అన్న యాజ్ఞ. తల్లి చీకటిలో ఆమె చేయి తడవి, "గాజులు మంచిగున్నయి బిడ్డా" అనెనట. నెలదినములకు తల్లి పోయెను. కట్టెదగ్గఱకు రానీయలేదు. చెఱకుతోటలో నిలుచుండి పొగ చూచెను.

ఇది విని మండపములో నున్న ముసలమ్మలు హక్కులను గుఱించి గాని, న్యాయమును గుఱించి గాని మాటాడలేదు. కర్మాగారపు పెద్దమ్మ, "ఆ ఏడు చలి మస్తుండె గద" అనెను. ఇంకొకామె, ఆ బండ్ల బారులో తన తండ్రియు నుండెడివాడనెను. కర్మాగారపు కూత వినియే ఎసరు పెట్టిన దినములను అందఱును ఒక్కసారిగా జ్ఞప్తికి దెచ్చుకొనిరి. తుదకు పెద్దమ్మ, "మా చిన్నోని తొట్టెలనాడు ఒచ్చింది నువ్వేనా? నేను పాతచీర ఇస్తె మూతి ముడుచుకున్నవ్" అనగా, ఆమె, "నేనే, అది చినిగిన చీర" అనెను. మండపమెల్ల నవ్వినది. మొదటి శనివారపు నవ్వు వేఱు, ఈ నవ్వు వేఱు. కర్మాగారము 2002లో ప్రైవేటు చేతులలోనికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. ఆ కూత పోయినదని ఇద్దఱును ఒకే విధముగ నిట్టూర్చిరి.

ఒకామె మాత్రము రెండవ వారమునుండి మానుకొనెను. "దేవుని గుడిల ఇదేంది" అని మా యింటికి వచ్చి చెప్పి పోయినది. ఆమెతో వాదించితిమి, అమరకోశములోనే తృతీయాప్రకృతి యను పదము కలదంటిమి. అమరకోశము ఆమెకేల? ఆమె నేటికిని రాలేదు.

మన పెద్దమ్మ హైదరాబాదున నున్న కాలమున ఆమెను భయపెట్టిన చట్టమొకటి యుండెను. ఫసలీ 1329, అనగా 1919లో, నిజాం ప్రభుత్వము హిజ్రాల చట్టమును చేసెను. బాలురను ఎత్తుకొనిపోవుదురని అనుమానింపబడినవారి పేర్లును నివాసములును, హైదరాబాదు నగరమందును ప్రభుత్వము ప్రకటించిన ఇతర స్థలములందును, ఒక పట్టికలో వ్రాయవలెను. అట్టివారు స్త్రీవేషముతో వీధిలో కనబడినను, ఆడి పాడినను, వారంటు లేకయే పట్టుకొనవచ్చును. రెండేండ్ల వఱకు చెఱసాల. 1871లో ఇంగ్లీషువారు తమ సీమలో చేసిన నేరజాతుల చట్టమునకు ఇది చెల్లెలు వంటిది. నిజాం పోయెను, రాష్ట్రములు మాఱెను, చట్టము మాత్రము పుస్తకములో నిలిచినది. వైజయంతి వసంత మొగ్లిగారు మొదలగువారు వేసిన వ్యాజ్యములపై, ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కరరెడ్డి గారలు 2023 జూలై 6వ తేదీన దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసిరి. ఆసరా పింఛనును ట్రాన్స్‌జెండరు వ్యక్తులకును వర్తింపజేయవలెనని ఆ తీర్పులోనే కలదు.

ఈ సంగతి చదివి చెప్పగా ఆమె చాలసేపు ఊరకుండెను. పింఛను కొఱకు ఒక కార్యాలయమునకు పోయి, వరుసలో నిలువగా, ఆధారు కార్డులోని మగపేరుతో గట్టిగా పిలిచిరట. వరుసలోనివారు నవ్విరి. మరల పోలేదు. 2014లో సర్వోన్నత న్యాయస్థానము ఇట్టివారిని మూడవ లింగముగా గుర్తించినది. 2019 నాటి చట్టము జిల్లా మేజిస్ట్రేటు గుర్తింపుపత్రము నీయవలెనని చెప్పినది. కాని పేరు పిలుచునప్పుడు ప్రక్కన నిలుచు మనిషి ఏ చట్టములోను వ్రాయబడలేదు. కర్మాగారపు పెద్దమ్మ ఆమెతో కలిసి పోయెను. కాగితములు ఇంకను రాలేదు. ఇద్దఱును రెండు మాఱులు పోయివచ్చిరి.

హిజ్రాలు కంటికి కనబడుదురు గనుక కథ చెప్పమని అడుగవచ్చును. కనబడనివారో? స్త్రీయై స్త్రీని, పురుషుడై పురుషుని వలచి బ్రతుకెల్ల గడపిన ముసలివారు ప్రతి యూరను ఉందురు. మేమెఱిగిన యొక వాడలో ఇద్దఱు స్త్రీలు ఒకే చాటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుట్టుచు, ఒకే కప్పుక్రింద ముప్పదియేండ్లు బ్రతికిరి. అక్కచెల్లెండ్రని లోకులనుకొనిరి. వారు తమ్మేమనుకొనిరో మాకు తెలియదు, ఎవ్వరు నడుగలేదు. ఒకామె పోగానే ఆమె అన్నదమ్ములు వచ్చి యింటికి తాళము వేసిరి. రెండవయామె దినములనాడు వాకిట నిలుచుండెను, లోనికి ఎవ్వరును పిలువలేదు. పిలువనివారిలో మేమును ఉంటిమి.

స్వలింగప్రేమ నేరము కాదని సర్వోన్నత న్యాయస్థానము 2018 సెప్టెంబరు 6న చెప్పినది. వివాహపు హక్కును మాత్రము 2023 అక్టోబరు 17న ఈయలేదు. అయినను ఒక చిన్న వెసులుబాటు కలదు, గృహిణులకు తెలియవలసినది: ఇట్టివారు కలిసి బ్యాంకులో జాయింటు ఖాతా తెఱచుటకును, జతమనిషిని నామినీగా వ్రాయుటకును అడ్డు లేదని కేంద్ర ఆర్థికశాఖ 2024 ఆగస్టు 28న స్పష్టపఱచినది. ఆ బీడీల యామెకు ఇది తెలిసియుండినచో చేతిసొమ్మైనను దక్కెడిది.

ముసలివారు గతమును నెమరువేయుట మతిచాంచల్యము కాదు, బ్రతుకును సరిచూచుకొను పనియని అమెరికాలో రాబర్టు బట్లరను వైద్యుడు 1963లో వ్రాసెను. న్యూయార్కులో ఇట్టి వృద్ధుల కొఱకే 1978లో సేజ్ అను సంస్థ పుట్టినది. దూరమేల? రేవతిగారు తమిళనాట తోటి హిజ్రాల జీవితకథలను కూర్చిరి, పిదప తన కథను వ్రాసిరి. పి. సత్యవతిగారు దానిని "ఒక హిజ్రా ఆత్మకథ" యను పేర తెలుగు చేయగా 2019వ సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారము లభించినది. ఆ పుస్తకమును మండపములో చదువుదమా యని అడిగితిమి. "ఆమెది ఆమె చెప్పుకున్నది, నాది నేను చెప్పుకుంట" అని మన పెద్దమ్మ పౌరుషముగా నుత్తరమిచ్చెను.

ఇట్లు వినగోరు సోదరీమణులకు మేము నేర్చుకొన్న దొక్కటి చెప్పెదము. శరీరమును గుఱించి అడుగవలదు. మొదటివారము మాలో నొకామె అడిగినది. ఆమె ముఖము మూసికొన్న తలుపువలె అయినది. అమ్మ ఏమి వండెడిది, ఏ పండుగకు ఏమి కట్టుకొంటివి, ఏ పాట వచ్చునని అడిగినచో తక్కినది తానే చెప్పును; చెప్పకున్నను సరియే. విన్నదానిని కొడుకులకు, కోడండ్రకు చేరవేయరాదు. మా యింటివారు ఈ మాటకు నవ్విరి గాని, మూడు వారములు మేము నోరు కట్టుకొంటిమి.

మా బోధనే పూర్వపు ఏకచక్రపురమని పెద్దలు చెప్పుదురు. పాండవులు అచట వేషము మార్చుకొని బిచ్చమెత్తి బ్రతికిరి. వారికి నీడ యిచ్చిన బ్రాహ్మణుని యిల్లాలు మీరెవ్వరని గ్రుచ్చి యడుగలేదు. ఈ మాట మండపములో చెప్పగా ఒక ముసలమ్మ, "అడుగకుంటనే మంచిగుండె" అనెను. మన పెద్దమ్మ, "అడిగితెనే మంచిగుండు" అనెను. ఈ వాదము తెగలేదు.

విరాటపర్వము ముగిసినది. వానలు కొంచెము పడినవి. ఇప్పుడు ఉద్యోగపర్వము చదువుచున్నాము. శిఖండి కథ ఎప్పుడు వచ్చునని ఆమె అడిగెను. అది పర్వాంతమున నున్నది, ఇంకను పది వారములు పట్టునని చెప్పితిమి. వ్రేళ్లమీద లెక్కపెట్టుకొని, "పుస్తకం ముందుకు తిప్పొద్దు, నేను ఒస్త" అనెను.